మా మామ కట్టించిన గుండ్రటి అంగడి

ఆ రోజుల్లో నాకు అలంకారమంటే పడేది కాదు. చెన్నైలో ఆర్కిటెక్చర్ చదువు ముగించి, సంచి నిండా చుట్టిన డ్రాయింగులతో, తల నిండా ఆశయాలతో తిరుపతి స్టేషన్లో దిగిన కొత్త అది. కాంక్రీటు కాంక్రీటులాగే కనబడాలని, గోడ ఎంత బోడిగా ఉంటే దానికి అంత మర్యాద అని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం గోడల దగ్గర ఆగినా బాగుండేది. నల్ల కుర్తా, నల్ల ప్యాంటు తప్ప ఇంకోటి వేసుకునేదాన్ని కాదు. (పెళ్ళిళ్ళకు కూడా అలాగే తయారైతే మా అమ్మ నన్ను ఫోటోల్లో పడకుండా జనరేటర్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టేది.) అంచుకు పూలు చెక్కిన స్టీలు కంచంలో అన్నం పెట్టారని ఒక పూట అలిగి పస్తు పడుకున్న ఘనత కూడా నాకుంది. చిత్తూరులో లెక్కల మాస్టరుగా పనిచేసే మా నాయన మాత్రం కంగారు పడలేదు. చదువు కొత్తలో అందరికీ ఇలాగే ఎక్కుతుందని, కొన్నాళ్ళు పోతే అదే దిగుతుందని, జ్వరం సంగతి చెప్పినట్టు అమ్మకు చెప్పేవాడు.

ఆ జ్వరం మంచి పట్టు మీద ఉన్నప్పుడే మా మామ నా చేతికి చిక్కాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. తిరుపతిలో గుడి వీధిలో ఆయనకు ఒక అద్దె బట్టలకొట్టు ఉండేది. ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు బీరువాలోకి ఒదిగి దారివ్వాల్సినంత ఇరుకు. యాత్రికులకు తువ్వాళ్ళు, పంచెలు, జాకెట్టు ముక్కలు అమ్ముకుంటూ ఆయన హాయిగా ఉండేవాడు. ఒకసారి అత్తను తీసుకుని ఎవరి పెళ్ళి బట్టలకో చెన్నై వెళ్ళి, అక్కడ ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో తప్పిపోయాడు. అత్త ఎస్కలేటర్ మీద పైకి వెళుతుంటే ఈయన కిందికి వస్తూ కనబడ్డాడట. ఈయన మళ్ళీ పైకి పోయేసరికి ఆమె కిందికి వస్తోందట. అలా మధ్యాహ్నమంతా ఒకరికొకరు చెయ్యి ఊపుకుంటూ గడిపి, బయటికి వచ్చేసరికి మామ కొత్త మనిషైపోయాడు. సూదీ చీరా చెప్పులూ గిన్నెలూ అన్నీ ఒకే చోట దొరికే అంగడి తనకూ కావాలన్నాడు. తిరుచానూరు రోడ్డులో తాత ఇచ్చిన స్థలం ఉండనే ఉంది. కొండ దిగి అమ్మవారి దర్శనానికి పోయే బస్సులన్నీ దాని ముందునుంచే పోతాయి. మామ పాత కొట్టు తాళం యజమాని చేతిలో పెట్టేశాడు. కొత్త అంగడి ఆడకపోతే మళ్ళీ పోయి కూర్చోవడానికి ఆయనకు చోటు లేదు. ఆ సంగతి అత్తకు తెలుసు, అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ప్లాన్ ఎవరు గియ్యాలన్న మాట వచ్చినప్పుడు మామ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఇంట్లో పాప అంత సదువు సదివి ఉండంగా, బయటోళ్ళను యాల అడుక్కోవల్ల?" అన్నాడు.

మామకు కావలసినవి పెద్ద కోరికలేం కావు. ముందు రెండు ఏనుగులు. పైన గోపురంలాంటిది ఒకటి. గోడలకు గులాబీ రంగు, అంచులకు బంగారు రంగు. లోపల ఎస్కలేటర్. ముంగిట లైట్లు వెలిగే పెద్ద బోర్డు. నేను ఒక్కొక్కటీ విని, చిన్నపిల్లవాడి చేతిలోంచి చాకు తీసుకున్నట్టు జాగ్రత్తగా లాగేసుకున్నాను. ఏనుగులు వద్దు, ఎందుకంటే మనం ఏనుగులు అమ్మడం లేదు. గులాబీ రంగు వద్దు, కాంక్రీటు సిగ్గుపడుతుంది. (నిజంగా ఆ మాటే అన్నాను. మామ చాలాసేపు ఆ మాట గురించి ఆలోచించాడు.) ఎస్కలేటర్‌కు బదులు ర్యాంపు. భవనం మొత్తం గుండ్రంగా, తెల్లగా, బయటికి ఒక్క కిటికీ లేకుండా ఉంటుంది. మధ్యలో అంతా ఖాళీ, పైన అద్దపు కప్పులోంచి వెలుతురు పడుతుంది. లోపలి గోడను ఆనుకుని ర్యాంపు సన్నగా చుట్లు తిరుగుతూ పైదాకా పోతుంది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ గుద్దుకోకుండా నడిమధ్యన, రెండు అంచులకూ స్టీలు పైపుల రెయిలింగు. మలుపు మలుపుకీ ఒక రాతి బల్ల, ఒక మంచినీళ్ళ కొళాయి, ఒక ఫ్యాను. నడిచే దారి పొడుగునా గోడలో గూళ్ళు. ఒక్కొక్క గూటిలో ఒక్కటే బొమ్మ, దాని మీద ఒక్కటే చీర, పైనుంచి దాని మీదికి ఒక్కటే దీపం. పైకి చేరాక ఏడుకొండలు ఎదురుగా కనబడే వరండా.

"ఒగటే చీరా?" అన్నాడు మామ. ఒకే చీర ఉంటేనే అది మాట్లాడుతుందని చెప్పాను. మన ఆడోళ్ళు చీరతో మాట్లాడరే, అంగిట్లో ఉండే అబ్బోడితో గదా మాట్లాడేది, అని అత్త వంటింట్లోంచి అంది. నేను వినిపించుకోలేదు. బోర్డు దగ్గర మాత్రం మామ కాస్త గట్టిగానే నిలబడ్డాడు.

"బోర్డు లేకుంటే ఇది అంగడని ఎట్ల తెలుస్తాది పాపా?"

"భవనమే చెబుతుంది మామా."

"ఎవురికి చెప్తాది?"

ఆయన అమాయకత్వానికి జాలిపడి నిట్టూర్చాను. ఆ నిట్టూర్పుతో బోర్డు కూడా పోయింది. మామ ఓడిపోయినందుకు బాధపడకపోగా, ఊళ్ళో కనబడ్డవాళ్ళకల్లా మా పాప బోర్డు అక్కర్లేని అంగడి కట్టిస్తా ఉండాది, అట్లాంటివి ఫారిన్‌లోనే ఉంటాయి, అని గొప్పగా చెప్పుకున్నాడు.

పని మొదలైంది. వాస్తు చూడటానికి వచ్చిన పెద్దాయన గుండ్రటి గోడ చుట్టూ ఒకసారి తిరిగి, ఈశాన్యం మూల ఎక్కడుందో వెతికి, ఇంకోసారి తిరిగి, కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి సోడా తాగి వెళ్ళిపోయాడు. గోడలు లేస్తూ పైపులు బిగించే దశకు వచ్చేసరికి, పనివాళ్ళందరూ దాన్ని కంపార్ట్‌మెంటు అనడం మొదలుపెట్టారు. కంపార్ట్‌మెంటుకు ఇంకో లోడు ఇసుక కావాలి, కంపార్ట్‌మెంటులో కొళాయి కారుతోంది, అని. ర్యాంపు రైలుపెట్టెలా పొడుగ్గా సాఫీగా ఉందని మెచ్చుకుంటున్నారు కాబోలనుకుని మురిసిపోయాను. తిరుమలలో దర్శనానికి పోయేవాళ్ళు కూర్చుని ఎదురుచూసే హాళ్ళను కంపార్ట్‌మెంట్లు అంటారని ఈ జిల్లాలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. స్టీలు పైపులు, మలుపులు, రాతి బల్లలు, కొళాయిలు, ఫ్యాన్లు అక్కడ ఉండేవే. అమ్మ ఒళ్ళో కూర్చున్న నాటినుంచి ఆ పైపులు పట్టుకుని వేలాడుతూ పెరిగినదాన్ని. ఆ ర్యాంపు ఎక్కడో విదేశాల్లోంచి నా బుర్రలోకి నేరుగా దిగిందని అప్పుడు అనుకున్నాను. ఎక్కడినుంచి దిగిందో చూసినవాళ్ళందరికీ తెలిసింది, గీసిన నాకు తప్ప.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే పోయేసరికి మొదటి దెబ్బ తగిలింది. గూళ్ళలో పెట్టే బొమ్మలకు ముఖాలు ఉండకూడదని నేను పట్టుబట్టి, కన్నూ ముక్కూ లేని తెల్లటి తలలతో తెప్పించాను. వాకిట్లోనే ఉన్న పెద్ద గూటిలో అలాంటి బొమ్మకు అరిటాకు రంగు పట్టుచీర కట్టించి ఉంచాను. శుభమా అని అంగడి తెరుస్తూ ఎదురుగా కన్నూ ముక్కూ లేని ఆడమనిషిని చూడటం మా అత్త వల్ల కాలేదు. నేను వచ్చేలోపల దానికి పసుపు రాసి, ఇంత పెద్ద బొట్టు పెట్టి, కాటుకతో కళ్ళు దిద్ది, మెడలో చామంతి దండ వేసి, కాళ్ళ దగ్గర దీపం కూడా పెట్టేసింది. ఆ బొట్టూ ఆ పసుపూ పైనుంచి పడే నా ఒంటరి దీపం వెలుగులో ధగధగలాడుతున్నాయి. తీసెయ్యమన్నాను. పండగ పూట ముత్తైదువ మొగాన బొట్టు తీసేస్తారా ఎవురైనా, అని అత్త నన్ను చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. గడప ముందు ముగ్గేసి ఉంది. ఆ ముగ్గూ లోపలి తెల్లటి నేలా చూసి, వచ్చిన చుట్టాలందరూ ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచారు. లోపల అడుగుపెట్టగానే ఉండేది చెప్పుల విభాగం.

కార్వేటినగరం దగ్గరి మా ఊరినుంచి వ్యాను నిండా చుట్టాలు దిగారు. అందరూ ముసలివాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు. మెట్లు లేవని తెలిసి సంతోషించి, నెమ్మదిగా ర్యాంపు ఎక్కడం మొదలుపెట్టారు. తోసుకోకుండా వరసగా రమ్మని మామ చెప్పాడు. వాళ్ళు నడిచే నెమ్మదికి ఆ వరస కదలకుండా వాకిలిదాకా పొడుగ్గా నిలబడింది. సరిగ్గా అప్పుడు కొండ దిగి వస్తున్న యాత్రికుల బస్సొకటి ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆగింది. గుండ్లు కొట్టించుకుని, గంధం పూసుకుని ఉన్నవాళ్ళు కిటికీల్లోంచి ఇటు చూశారు. వాళ్ళకు కనబడింది ఏమిటంటే, కిటికీల్లేని తెల్లటి పెద్ద కట్టడం, బయట చెప్పుల గుట్ట, స్టీలు పైపుల మధ్య కదలని వరస, వాకిట్లో దీపం వెలుగులో పట్టుచీరతో పసుపు ముఖం. బోర్డు మాత్రం లేదు. తిరుపతికి వచ్చినవాడు ఎక్కడైనా వరస కనబడితే అది దేనికని అడగడు, ముందు నిలబడతాడు. ఆనక ముందున్నవాణ్ణి అడుగుతాడు, ఆ ముందున్నవాడికీ తెలియదు. బస్సు మొత్తం ఖాళీ అయి మా వరసలో చేరింది. ఆ వరసను చూసి ఇంకో బస్సు ఆగింది. ఆటోవాళ్ళు స్టేషన్ దగ్గర, ఈడ కొత్తగా దర్శనం టోకెన్లు ఇస్తా ఉండారంట, అని మనుషులను ఎక్కించుకుని రావడం మొదలుపెట్టారు.

నేను పై వరండాలో ఉన్నాను. ఆ సమయంలో నాకున్నంత ఆనందం ఏ మనిషికీ ఉండకూడదు. కిందికి చూస్తే నా ర్యాంపు మీద జనం, నా డ్రాయింగులో గీసిన చిన్న చిన్న బొమ్మల్లాగే, ఒకే వేగంతో, ఒకే దిశలో, చుట్లు తిరుగుతూ పైకి వస్తున్నారు. అద్దంలోంచి పడిన వెలుతురు వాళ్ళ తలల మీద మెరుస్తోంది. (గుండ్లు కాబట్టి బాగానే మెరిసింది.) వాళ్ళు ప్రతి గూటి దగ్గరా ఒక్క క్షణం ఆగి, చీర వంక చూసి, ముందుకు కదులుతున్నారు. చీర మాట్లాడుతుందంటే నమ్మలేదు కదా అని మనసులో మామను దెప్పాను. వాళ్ళు ఆగి దణ్ణం పెడుతున్నారని అంత పైనుంచి నాకు కనబడలేదు. కింద మామ గల్లాపెట్టె ముందు కూర్చుని, ఇంతమంది తన అంగడికి వచ్చారని చెమర్చిన కళ్ళతో కనబడ్డవాళ్ళకల్లా నమస్కారాలు పెడుతున్నాడు. మా ఇద్దరికీ రావాల్సినంత సంతోషమూ వచ్చేసింది. సరుకు కదలడం లేదని మాత్రం మాకిద్దరికీ ఇంకా తట్టలేదు.

మొదట పైకి చేరింది ఒక పెద్దాయన. వరండాలోకి రాగానే ఎదురుగా ఏడుకొండలు కనబడ్డాయి. రెండు చేతులూ ఎత్తి గోవిందా అన్నాడు. వెనకున్నవాళ్ళందరూ గోవిందా అన్నారు. ఆ మాట చుట్లు తిరుగుతూ కిందికి పోయి రోడ్డు మీదిదాకా చేరింది. గుండ్రటి భవనం కావడంవల్ల చాలా గట్టిగా వినబడింది. (ధ్వని విషయంలో నా డిజైన్‌కు వంక పెట్టలేరు.) తర్వాత ఆయన నా వైపు తిరిగి, జేబులోంచి ఆధార్ కార్డు తీసి చూపించాడు.

"అమ్మా, టోకెను యాడ ఇస్తారు?"

టోకెన్లు లేవని, ఇది అంగడి అని చెప్పాను. ఆయన నన్ను, నా నల్ల బట్టలను కిందినుంచి పైకి చూసి, నేను అక్కడ పనిచేసే మనిషిని కానని తేల్చుకున్నాడు.

"అంగడైతే బోర్డుండదా తల్లీ?" అన్నాడు మెత్తగా.

ఐదేళ్ళ చదువులో ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. అప్పటికే వెనకనుంచి తోపులాట మొదలైంది. పైకి వచ్చినవాళ్ళు దిగే దారిలోకి పోదామంటే, అక్కడ కూడా తెలివైనవాళ్ళు కొందరు స్పెషల్ దర్శనం లైననుకుని కిందినుంచి ఎక్కుతూ వస్తున్నారు. నేను మామకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. అయితే వీళ్ళెవురూ చీరలు కొనేదానికి రాలేదా పాపా, అని అడిగాడు.

మామ నాతో మాట్లాడదామని పైకి బయలుదేరాడు. తన సొంత అంగట్లో తనను ఎవరూ ఎక్కనివ్వలేదు. ముందుగా వచ్చి నిలబడ్డ ఒకామె, పెద్దమనిషి మాదిరి ఉండావు, లైను మధ్యలో దూరతావేందప్పా, అని చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఓనరునమ్మా అన్నాడు మామ. ఎవరైతే మాత్రం లైన్లో రావాల్సిందే అని వెనకున్నవాళ్ళు ఏకమయ్యారు. పాపం మామ వాకిట్లోకి వెళ్ళి చివర నిలబడ్డాడు. ఇంతలో రోడ్డు మీద బస్సులు ఆగిపోతున్నాయని ఒక కానిస్టేబుల్ వచ్చాడు. మా కష్టాలు గట్టెక్కాయనుకున్నాను. ఆయన వరసను చూసి, లాఠీతో నేల మీద గీత గీసి, వంకరగా ఉన్న వరసను చక్కగా సర్ది, ఎండలో జనాన్ని నిలబెట్టి పందిరి కూడా వెయ్యలేదేమని చివర ఉన్న మామనే కోప్పడ్డాడు.

ఆ రోజు తెలివిగా ఆలోచించిన మనిషి మా అత్త ఒక్కతే అనిపిస్తుంది, కానీ ఆమె చేసినదానివల్లే సంగతి పూర్తిగా చెయ్యిదాటింది. వరసలో చిన్నపిల్లలు ఏడుస్తున్నారని, ముసలివాళ్ళు నీరసపడుతున్నారని చూసి, చుట్టాలకోసం చేయించిన పులిహోర, మజ్జిగ అందరికీ పంచడం మొదలుపెట్టింది. ఇల్లు ఏదైనా, పని ఏదైనా, ఆకలితో నిలబడ్డ యాత్రికుణ్ణి చూస్తూ ఊరుకోవడం ఈ ఊరివాళ్ళకు చేతకాదు. ప్రసాదం కూడా పెడుతున్నారన్న మాట వీధి చివరిదాకా పాకింది. దాంతో ఉన్న అనుమానాలు కూడా అందరికీ తీరిపోయాయి. పులిహోర అయిపోయేదాకా ఆ వరస కరగలేదు. అయిపోయాక కూడా వాళ్ళెవరూ మమ్మల్ని తిట్టలేదు, కొండలు బాగా కనబడ్డాయని సంతోషంగానే వెళ్ళారు. సాయంత్రం మామ బొమ్మ పాదాల దగ్గర భక్తులు వేసిన చిల్లర అంతా తువ్వాల్లో మూటకట్టి, తిరుచానూరు వెళ్ళి అమ్మవారి హుండీలో వేసి వచ్చాడు. ఆ తువ్వాలొక్కటే ఆ రోజు మా అంగట్లోంచి బయటికి పోయిన సరుకు.

మర్నాడే బోర్డు పెట్టించాం. కాలు మీద కాలేసుకుని కూర్చున్న నా ఆధునికత దిగివచ్చి, తనే నిచ్చెన పట్టుకుంది. అయినా అంగడి ఆడలేదు. చీర చూడటానికి వచ్చినవాళ్ళు ఇంకో రంగు చూపించమంటే, దానికోసం ఇంకో మలుపు ఎక్కాలి. దాంతో ఇది పోల్చాలంటే మళ్ళీ దిగాలి. అత్త చెప్పినట్టే, ఆడవాళ్ళకు పరుపు మీద చీరలు కుప్పపోసే అబ్బాయి కావాలి, అతనితో వాదన కావాలి. మా అంగడికి మానకుండా వచ్చినవాళ్ళు షుగరు జబ్బువాళ్ళు మాత్రమే. ఎండా వానా తగలదు, కుక్కలు తరమవు, మలుపుకో కొళాయి ఉంది, కాబట్టి వీధిలోని రిటైరైన పెద్దలంతా పొద్దున్నా సాయంత్రం మా ర్యాంపు మీద వాకింగు చేసేవాళ్ళు. మామ వాళ్ళను వద్దనలేకపోయేవాడు. గల్లా ముందు కూర్చుని వాళ్ళు ఎక్కడం దిగడం చూసేవాడు. మనిషి మాట తగ్గిపోయింది. పాత కొట్టు ముందునుంచి పోవాల్సి వస్తుందని గుడి వీధికి వెళ్ళడమే మానేశాడు. అది చూశాక నాకు నా మీద నవ్వు రావడం ఆగిపోయి, భయం పట్టుకుంది.

ఆ సమయంలోనే ఒక లాడ్జి ఆయన వచ్చి, స్థలం నచ్చింది, గుండ్రటిది పడగొట్టి గదులు కట్టుకుంటానన్నాడు. ఇస్తే మామ ఒడ్డున పడతాడు. మామ నన్ను పిలిపించి చెప్పాడు. ఇద్దరం పై వరండాలో రాతి బల్ల మీద కూర్చున్నాం. పడగొట్టవద్దు మామా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది, అనే ముఖం లేక కొండల వంక చూస్తూ కూర్చున్నాను. మామ కూడా అటే చూశాడు.

"నువ్వు మొట్టమొదట కట్టింది పాపా ఇది. దీన్ని పగలగొడతా ఉంటే నేను సూడలేను. నీకేమన్నా దారి కనపడతా ఉండాదా?"

నాకేమీ కనబడలేదు. దారి కనబడింది వాకింగు పెద్దల్లో ఒకాయనకు. ఆయన కూతురి పెళ్ళి కుదిరింది. రిసెప్షన్ అంటే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. స్టేజీ మీద దంపతులు, ఫోటోకోసం తోసుకునే జనం, ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళను గుద్దడం, అక్షింతలు వరుడి మీద కాక వీడియో మనిషి మీద పడటం. ఆయన ర్యాంపు మీద నడిచీ నడిచీ ఒకరోజు ఆగి, పైన దంపతులను కూర్చోబెడితే, జనం ఇటునుంచి వరసగా ఎక్కి, దీవించి, అటునుంచి దిగి నేరుగా భోజనాల్లోకి పోతారు గదప్పా, అని మామతో అన్నాడట. మామ అరగంటదాకా ఆయన చెయ్యి వదల్లేదని అత్త చెప్పింది. ఆ రిసెప్షన్‌లో కదిలినంత సాఫీగా జనం ఇంకెక్కడా కదిలి ఉండరు. ఒక్క ముసలమ్మ కూడా పడలేదు, ఒక్క పెద్దమనిషీ అలగలేదు. ఆ సీజనులోనే ముహూర్తాలన్నిటికీ మా గుండ్రటి అంగడిని అడిగేవాళ్ళు మొదలయ్యారు. వాకిట్లో పెద్ద గూడున్న చోట మామ చిన్న కొట్టు పెట్టుకున్నాడు. పెళ్ళికి వచ్చి పంచె మరిచిపోయినవాళ్ళు, తాంబూలంలోకి జాకెట్టు ముక్కలు తక్కువైనవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మామ గొంతు మళ్ళీ లేచింది.

గొంతుతోపాటు ఏనుగులూ లేచాయి. పెళ్ళిళ్ళవాళ్ళు అడుగుతున్నారన్న వంకతో ముందు రెండు ఏనుగులు, పైన గోపురం, గోడలకు గులాబీ రంగు, అంచులకు బంగారం, నా రెయిలింగు పొడుగునా ప్లాస్టిక్ మామిడి తోరణాలు. ఒక్కొక్కటి పెట్టినప్పుడల్లా మామ నాకు ఫోటో పంపి, బాగుండాదా పాపా, అని అడిగేవాడు. నేను జవాబివ్వలేదు. అప్పటికి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. తిరుపతి వచ్చినా ఆ రోడ్డున పోకుండా చుట్టు తిరిగి పోయేదాన్ని. నా భవనం బతికింది, మామ బతికాడు, అంతా మంచే జరిగింది, అయినా నాకు ఏడుపొచ్చేది. ఎవరితో చెప్పుకోను?

తర్వాత కొన్నేళ్ళకు నా పెళ్ళి కుదిరింది. రిసెప్షన్ ఎక్కడన్న ప్రశ్నే రాలేదు. ఆ గులాబీ రంగు మధ్య నిలబడటం నావల్ల కాదని అమ్మతో ఒకసారి అన్నాను, అంతే. ఆ సాయంత్రం పెళ్ళికూతురి వేషంలో కారు దిగి తలెత్తి చూస్తే, ఏనుగులు లేవు. గోపురం లేదు. గోడలన్నీ తెల్లగా, బోడిగా ఉన్నాయి. మామ నాకు చెప్పకుండా అన్నీ విప్పించి, లోపలా బయటా తెల్లరంగు వేయించాడు. ఒక్క తోరణం లేదు, ఒక్క బల్బుల తీగ లేదు. ర్యాంపు ఎక్కుతూ నేను గీసినదాన్ని గీసినట్టు చూశాను. పొద్దు వాలే వేళ అద్దంలోంచి దిగిన వెలుతురు ఆ గోడ మీద ఎలా పాకిందో మాటల్లో చెప్పలేను. చాలా అందంగా ఉంది. నేను చేసింది తప్పు కాదని ఆ నిమిషాన నాకు పూర్తిగా అర్థమైంది.

పైకి చేరి పెళ్ళికొడుకు పక్కన నిలబడ్డాను. చుట్టాలు రావడం మొదలైంది. వస్తున్నవాళ్ళందరూ ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, ఆస్పత్రిలో రోగిని చూడటానికి వచ్చినట్టు. పెళ్ళి ఇక్కడేనా అని వాకిట్లో ఇద్దరు ముగ్గురు అడిగి వచ్చారట. మా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, అంతా బాగే గదా, అని అదోలా అడిగింది. మామ మూలన నిలబడి, పరీక్ష రాసి మార్కులకోసం చూసే పిల్లవాడిలా నా ముఖం వంకే చూస్తున్నాడు. దగ్గరికి రమ్మని సైగ చేశాను.

"బాగుండాదా పాపా?"

"శానా బాగుండాది మామా," అన్నాను. తల తిప్పి, గుసగుసలాడుకుంటూ ఎక్కివస్తున్న చుట్టాలను చూశాను. "రవ్వన్ని పూలు తెప్పిస్తావా?"

మామ రెయిలింగు మీదినుంచి వంగి కింద ఉన్న అత్తకు చెయ్యి ఊపాడు. అత్త వెనక్కి తిరిగి ఎవరినో కేకేసింది. భవనం వెనకనుంచి ఒక టెంపో వచ్చి వాకిట్లో ఆగింది. దాని నిండా బంతిపూల దండలు.

"మీ అత్త పొద్దున్నే తెప్పించి పెట్టుండాది. పాప అడిగేదాకా యాడా కట్టొద్దని నేనే చెప్పినా," అన్నాడు మామ.

చుట్టాలందరూ ఒక్కసారి ప్రాణం లేచివచ్చినట్టు దండల మీద పడ్డారు. చూస్తుండగానే ర్యాంపు పొడుగునా, కిందినుంచి పైదాకా, పసుపు పచ్చగా పూలు ఎక్కివచ్చాయి. గొంతులు మామూలు గొంతులయ్యాయి, పిల్లలు పరుగులు తీశారు, ఎవరో ఎవరినో భోజనాలకు పిలుస్తున్నారు. ఆ రోజు ఫోటోలు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి. మొదటి పేజీలో మా వెనక ఒట్టి తెల్లగోడ, ఆ తర్వాతి పేజీలన్నిటా బంతిపూలు. ఆ మొదటి పేజీ తెరిచినప్పుడల్లా, గోడ ఎంత బాగుందో కదా, ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టి ఉండాల్సింది, అని నాలో ఒక పిల్ల సణుగుతుంది. దాన్ని కాసేపు సణగనిచ్చి, పేజీ తిప్పుతాను.